ఎర్ర అక్షరాలు చదవొద్దు: ఓడలరేవు సీఎస్‌ఈ పిల్లలకు ఉచిత సలహాలు

సీఎస్‌ఈలో సీటొచ్చిందా? శుభం. సగం చదువు అయిపోయినట్టే. మిగతా సగం డౌన్‌లోడ్ చేసుకోవడంలో ఉంది, ఆయ్.

కొత్త ల్యాప్‌టాప్ ఇంటికొచ్చిన సాయంత్రమే మొదలుపెట్టండి. టర్బో సీ, డెవ్ సీ, కోడ్‌బ్లాక్స్, వీఎస్ కోడ్, పైచార్మ్, ఎక్లిప్స్, అనకొండ, మైఎస్‌క్యూఎల్, ఆండ్రాయిడ్ స్టూడియో, ఏదీ వదలొద్దు. దేనికేది అవసరమో తర్వాత చూసుకోవచ్చు. ఆండ్రాయిడ్ స్టూడియో తెరుచుకునేలోపు అన్నం తిని, చెయ్యి కడుక్కుని రావచ్చు. అది దాని తప్పు కాదు, నాన్నగారు కొనిచ్చింది నాలుగు జీబీ ర్యామ్‌ది. డెస్క్‌టాప్ నిండా రంగురంగుల గుర్తులు చూసి పెద్దనాన్నగారు "మావాడికి కంప్యూటరంతా వచ్చేసిందండీ" అని అంబాజీపేట దాకా చెప్పుకొస్తారు. మొదటి సెమిస్టరుకి ఇంతకు మించి ఏం కావాలి?

ఊరు కూడా మీకు బాగా కలిసొచ్చింది. గోదావరి పాయ వైనతేయ సముద్రంలో కలిసే చోట ఓడలరేవు. చుట్టూ కొబ్బరి తోటలు, రొయ్యల చెరువులు, ఓఎన్‌జీసీ టెర్మినల్. 1996 నవంబరు తుఫాను కోనసీమ కొబ్బరిని నేలమట్టం చేసిన మరుసటి ఏడాదే, 1997లో, ఇక్కడ బోనం వెంకట చలమయ్య ఇంజినీరింగ్ కాలేజీ వచ్చింది. అప్పటిదాకా ఇంజినీరింగ్ అంటే గోదావరి దాటి కాకినాడ వైపు చూసిన ఊళ్ళకి, బస్సెక్కి వెళ్ళి సాయంత్రానికి ఇంటికి రాగలిగిన చదువు దొరికింది. అయితే ఈ సలహాలు ఏ ఒక్క కాలేజీకో రాసినవి కావు. కాకినాడ జేఎన్‌టీయూ పరిధిలో ఎక్కడ చేరినా వాడుకోవచ్చు. హైదరాబాద్ వాళ్ళు వాడుకున్నా పేచీ లేదు.

ముందు కంపైలరు సంగతి. కళ్ళు మూసుకుని టర్బో సీ పట్టుకోండి. బోర్లాండ్ కంపెనీ 1987లో దాన్ని బయటికి తెచ్చింది. అంటే మీకంటే పెద్దది, పెద్దల్ని గౌరవించాలి. డాస్ రోజుల్లో పుట్టింది కాబట్టి ఇప్పటి విండోస్ మీద నేరుగా నడవదు. డాస్‌బాక్స్ అనే ఉత్తుత్తి పాత కంప్యూటరొకటి తెర మీద పుట్టించి, దాంట్లో కూర్చోబెట్టి నడిపించాలి. జీసీసీ అని ఇంకోటి ఉంది. రిచర్డ్ స్టాల్‌మన్ దాన్నీ 1987లోనే విడుదల చేశాడు, డబ్బులు అడగడు, ఇప్పటికీ ఏటా కొత్త వెర్షన్ వస్తుంది. అందుకే వద్దంటున్నాను. ఏటా మారేదాన్ని నమ్ముకుంటే సీనియర్ ఇచ్చిన రికార్డు ఎలా పనికొస్తుంది?

టర్బోలో ఫ్యాక్టోరియల్ ప్రోగ్రాం రాశారనుకోండి. ఏడు ఇస్తే 5040 వస్తుంది. సుబ్బరంగా ఉంది. ఎనిమిది ఇవ్వండి. 40320 రావాలి. తెర మీద మైనస్ 25216 అని పడుతుంది. ఆ కంపైలర్లో ఇంట్ అంటే రెండు బైట్లే. 32767 దాటగానే గిర్రున తిరిగి మైనస్‌లో పడుతుంది. 40320 లోంచి 65536 తీసేస్తే సరిగ్గా ఆ అంకే వస్తుంది, కావాలంటే వేలు మడిచి చూసుకోండి. వద్దులెండి, చూసుకోకండి. ఈ ఒక్క మైనస్ వెంట పడితే బైట్లు, బిట్లు, టూస్ కాంప్లిమెంటు అన్నీ ఒక్క సాయంత్రంలో అర్థమైపోయే ప్రమాదం ఉంది. ఆ తర్వాత జీసీసీలో ఇదే ప్రోగ్రాం నడిపి చూడాలన్న దుర్బుద్ధి పుడుతుంది. అక్కడ ఇంట్ నాలుగు బైట్లు కాబట్టి పన్నెండు దాకా బండి నడుస్తుంది. పదమూడు దగ్గర 622 కోట్లు రావాల్సింది 193 కోట్లే వస్తుంది. అక్కడితో ఆగుతారా, లాంగ్ లాంగ్ అంటే ఏమిటని అడుగుతారు. ఇంత గొడవెందుకు? ఇన్‌పుట్ అయిదు ఇవ్వండి. 120 వస్తుంది. రికార్డులో ఎడమ పేజీలో పెన్సిల్‌తో డబ్బా గీసి, అందులో 120 రాయండి. అయిదు ఫ్యాక్టోరియల్ ఇంతవరకూ ఎవర్నీ మోసం చేయలేదు.

టర్బోలో ఇంకో సుఖం ఉంది. స్కాన్ఎఫ్ రాసేటప్పుడు వేరియబుల్ ముందు ఆంపర్‌సాండ్ పెట్టమని మేడమ్ చెబుతూనే ఉంటారు. మర్చిపోయినా టర్బో చాలాసార్లు కిక్కురుమనదు. డాస్‌లో ఎవరి మెమరీలోకి ఎవరు వెళ్తున్నారో చూసే కాపలా లేదు మరి. మహా అయితే ప్రోగ్రాం ముగిశాక 'నల్ పాయింటర్ అసైన్‌మెంట్' అని గొణుక్కుంటుంది. అదే తప్పు లైనక్స్‌లో చేశారో, 'సెగ్మెంటేషన్ ఫాల్ట్' అంటూ చొక్కా పట్టుకుని బయటికి గెంటేస్తుంది. మీ తప్పు మీ మొహం మీదే చెప్పేవాళ్ళతో నాలుగేళ్ళు ఎలా వేగుతారు?

ఇప్పుడు అసలు సలహా. మిగతావన్నీ మర్చిపోయినా ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి. తెర మీద ఎర్ర అక్షరాలు కనిపిస్తే చదవకండి.

చదవకుండా ఏం చేయాలి? ఫోన్ తీసి తెరని ఫొటో కొట్టండి. కొంచెం వాలుగా, ట్యూబ్‌లైటు మెరుపు సరిగ్గా లైను నంబరు మీద పడేట్టు తీస్తే మంచిది. క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టి "అన్నా, ఎర్రర్ వస్తుంది" అని రాయండి. ఏ ప్రోగ్రామో, ఏ లాంగ్వేజో చెప్పక్కర్లేదు, అన్న అన్నీ తెలిసినవాడు. జవాబు వచ్చేలోపు సొంతంగా ప్రయత్నించాలనిపిస్తే దానికీ పద్ధతి ఉంది. మీరు పదకొండో లైన్లో సెమికోలన్ మర్చిపోయారనుకోండి. టర్బో సాధారణంగా పన్నెండో లైను అంటుంది. పదకొండో లైను అయిపోయినా వాక్యం ముగియలేదేమో, కిందికి సాగుతుందేమో అని అది ఎదురు చూస్తుంది. పన్నెండులో కొత్త మాట మొదలయ్యాక గానీ దానికి అనుమానం రాదు. కాబట్టి పైలైను చూడాలని తెలిసినవాళ్ళు అంటారు. మీరు అలా కాదు, పన్నెండో లైను తీసేయండి. పదమూడు అంటుంది. అదీ తీసేయండి. ప్రోగ్రాం తరిగేకొద్దీ తప్పులు తరగడం మీరే గమనిస్తారు. చివరికి ఏమీ మిగలనప్పుడు ఒక్క తప్పూ ఉండదు.

జీసీసీకి 'డాష్ డబ్ల్యూ ఆల్' అని జోడిస్తే ఎర్రర్లే కాక వార్నింగులు కూడా చాలావరకు చూపిస్తుంది. అడిగి మరీ తిట్టించుకోవడం అన్నమాట. ఆ జోలికి పోవద్దు.

పైథాన్‌లో ఎర్రర్ వస్తే నలభై లైన్లు వస్తాయి. పైనుంచి చదవడం మొదలుపెట్టండి. ఎవరివో లైబ్రరీ ఫైళ్ళ పేర్లు, ఫోల్డర్ల దారులు, మీరు ఎన్నడూ రాయని ఫంక్షన్లు. అయిదో లైనుకి నీరసం వస్తుంది, మూసేయొచ్చు. అసలు విషయం ఆఖరి లైన్లో ఉంటుంది కాబట్టి అంతదూరం వెళ్ళకపోవడం ముఖ్యం. ప్రింట్‌కి బ్రాకెట్లు లేవని పైథాన్ గొడవపెడితే మీ దగ్గరున్న పీడీఎఫ్ నోట్సు పాతదని అర్థం. పైథాన్ 2కి 2020 జనవరి 1తో కాలం చెల్లింది. అయినా సరే పీడీఎఫ్ మార్చొద్దు, దాని వెనక ముగ్గురు సీనియర్ల పేర్లు, ఒకరి ప్రేమ కవిత్వం ఉన్నాయి.

గిట్ గురించి చాలామంది జూనియర్లు అడుగుతారు. లైనస్ టోర్వాల్డ్స్ 2005లో లైనక్స్ కెర్నల్ కోసం రాసుకున్న సరుకది. ప్రపంచం నలుమూలల నుంచీ వేలమంది ఒకే కోడు మీద పడి పనిచేస్తుంటే ఏ లైను ఎవరు, ఎప్పుడు, ఎందుకు మార్చారో తేలాలి కదా. మనకి ఆ తేలడమే కొంప ముంచుతుంది. మన ప్రాజెక్టు టీంలో నలుగురుంటారు, చేసేది ఒకరు. ఎవరేం చేశారో తేదీతో సహా రాసిపెట్టే యంత్రాన్ని మిగతా ముగ్గురూ చేతులారా ఇంట్లోకి తెచ్చుకోవడం ఏం తెలివి? జిప్ ఫైలే క్షేమం. ప్రాజెక్ట్ ఫైనల్, ప్రాజెక్ట్ ఫైనల్ 2, ప్రాజెక్ట్ ఫైనల్ అసలుది, ప్రాజెక్ట్ ఫైనల్ సార్ చెప్పింది. వాట్సాప్‌లో పంపుకుంటూ ఉండండి. ఏది నడుస్తుందో ఎవరికీ తెలియనప్పుడు ఎవర్నీ తప్పు పట్టలేరు.

కంపెనీ వాళ్ళు గిట్‌హబ్ లింకు అడుగుతారు కాబట్టి ఒక ఖాతా మాత్రం తెరవక తప్పదు. కోడు పైకి పంపేటప్పుడు పాస్‌వర్డ్ కొడితే ఒప్పుకోదు. పాస్‌వర్డ్‌తో ప్రవేశం 2021 ఆగస్టు 13న తీసేశామని, బదులుగా ఏం వాడాలో ఎక్కడ చూడాలో తెర మీద వివరంగా రాస్తుంది. మన నియమం గుర్తుందిగా? చదవొద్దు. అదే పాస్‌వర్డ్ మళ్ళీ కొట్టండి. ఈసారి ఎంటర్ కొంచెం గట్టిగా నొక్కండి.

ఎలాగో ఎక్కించాక, డేటాబేస్ పాస్‌వర్డ్ కూడా కోడులోనే అందరికీ కనిపించేట్టు వెళ్ళిపోయిందని ఎవరో చెబుతారు. కంగారెందుకు? ఆ లైను తీసేసి మళ్ళీ కమిట్ కొట్టండి. కిందటి కమిట్లలో అది అలాగే పడి ఉంటుంది, గిట్ పుట్టిందే ఏదీ మర్చిపోకుండా ఉండటానికి. పైగా కమిట్ మెసేజ్ ఇలా రాయండి: 'పాస్‌వర్డ్ తీసేశాను'. వెతుక్కునేవాడికి శ్రమ తగ్గుతుంది. పాస్‌వర్డే మార్చేస్తే సరిపోతుంది కదా అని అడిగే అతితెలివి స్నేహితుణ్ణి టీంలోంచి తీసేయండి.

గిట్, గిట్‌హబ్ ఒకటేనని కూడా గట్టిగా నమ్మండి. నిజానికి గిట్ మీ ల్యాప్‌టాప్‌లో ఉంటుంది, నెట్ లేకపోయినా కమిట్లు కొట్టుకోవచ్చు, పాత కోడుకి వెనక్కి వెళ్ళొచ్చు. గిట్‌హబ్ 2008లో వచ్చిన వేరే వ్యాపారం, 2018లో మైక్రోసాఫ్ట్ 750 కోట్ల డాలర్లకి కొనేసింది. ఈ తేడా కోనసీమలో ఎవరికైనా తెలిస్తే మనకి పెద్ద సాకు పోతుంది.

ఏ సాకంటారా? నెట్ లేదన్న సాకు. 2022 ఏప్రిల్ 4న కోనసీమ జిల్లా ఏర్పడింది. జిల్లా పేరు మార్పు మీద మే 24న అమలాపురంలో మొదలైన ఆందోళన ఇళ్ళు తగలబడేదాకా వెళ్ళింది. ఆ తర్వాత జిల్లాలో రోజుల తరబడి ఇంటర్నెట్ ఆపేశారు. కరోనా తర్వాత ఇంటి నుంచే పనిచేస్తున్న సాఫ్ట్‌వేరు పిల్లలు ల్యాప్‌టాప్ సంచులు భుజాన వేసుకుని సిగ్నల్ కోసం జిల్లా పొలిమేరలు వెతుక్కుంటూ తిరిగారు. ఇక తుఫానులు ఎటూ ఉన్నాయి. 2025 అక్టోబరు 28 అర్ధరాత్రి వేళ మొంథా నరసాపురం దగ్గరే తీరం దాటింది. ఇలాంటి చోట చదువుకునేవాళ్ళు ముందు జాగ్రత్తగా ఏం చేయాలి? ఏమీ చేయకూడదు. టూల్స్ దించుకోమన్నాను గానీ పుస్తకాలు దించుకోమనలేదు. పైథాన్ డాక్యుమెంటేషన్ మొత్తం ఒక్క జిప్ ఫైల్లో దొరుకుతుంది, లైనక్స్‌లో ప్రతి కమాండుకీ మాన్ పేజీ లోపలే ఉంటుంది, ఐఐటీ బాంబే వాళ్ళ స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలు తెలుగులో కూడా ఉన్నాయి. వీటిలో ఒక్కటి మీ డిస్కులో ఉన్నా, నెట్ పోయిన రోజున మీరు చదువుకోవాల్సి వస్తుంది. గుర్తుంచుకోండి, నెట్ లేనిరోజు సెలవు రోజు.

నెట్ ఉన్న రోజుల్లో గూగుల్ కోల్యాబ్ ఉంది. జీపీయూ ఊరికే ఇస్తారు. మెషిన్ లెర్నింగ్ మోడల్‌కి ట్రైనింగ్ మొదలుపెట్టి, ట్యాబ్ తెరిచి పెట్టి, బీచ్‌కి వెళ్ళి జీడితోటల్లో తిరిగి రండి. మనిషి అలికిడి లేకపోతే ఉచిత ఖాతాని కొంతసేపటికి అది తెంపేస్తుంది. అలికిడి ఉన్నా పన్నెండు గంటలకి మించి ఉంచదు. తెగినప్పుడు అక్కడ దాచుకున్న ఫైళ్ళు కూడా పోతాయి. మధ్యమధ్యలో మోడల్‌ని డ్రైవ్‌లో దాచుకునే నాలుగు లైన్లు రాస్తే ఆగినచోట నుంచి మొదలెట్టొచ్చు. రాయకండి. మళ్ళీ బీచ్‌కి వెళ్ళే అవకాశం దేనికి పోగొట్టుకుంటారు?

ఎన్‌పీటీఈఎల్ కోర్సు తీసుకోమని కాలేజీలో అంటారు. ఐఐటీ వాళ్ళు పాఠాలు చెబుతారు, వారం వారం అసైన్‌మెంటు ఉంటుంది, పన్నెండు వారాల కోర్సులో మంచి మార్కులొచ్చిన ఎనిమిదింటినే లెక్కలోకి తీసుకుంటారు. జవాబులు టెలిగ్రామ్‌లో ఎవరో పెడతారు. వీడియో తెరవక్కర్లేదు. అసైన్‌మెంట్లకి 25, పరీక్షకి 75. టెలిగ్రామ్ చలవ వల్ల 25కి 25 చేతిలో ఉన్నాయి, పాసు మార్కు 40, ఇంకో పదిహేను చాలు కదా అని లెక్కేసుకుని పరీక్ష హాలుకి ధీమాగా వెళ్ళండి. పరీక్షలో విడిగా 30 రావాలన్న నియమం మాత్రం ముందు చదవొద్దు. 25కి 25, 75కి 29 వచ్చి, మొత్తం 54 మార్కులతో సర్టిఫికెట్ రానివాళ్ళలో మీరూ ఒకరవుతారు. 54 మార్కులతో ఫెయిలయ్యానని చెప్పుకోవడానికి కూడా ఒక అందం ఉంది.

2022 నవంబరు 30న చాట్‌జీపీటీ వచ్చాక ఈ సలహాల అవసరం కాస్త తగ్గిందనే చెప్పాలి. ప్రశ్న అతికించండి, జవాబు అతికించండి, మధ్యలో మీరు రాకండి. "తప్పకుండా! ఇదిగో మీరడిగిన ప్రోగ్రాం" అన్న మొదటి వాక్యాన్ని కూడా అసైన్‌మెంట్‌లో ఉంచేయండి, మర్యాదగా ఉంటుంది. కిందటి వారం దాకా ఫర్ లూప్ దగ్గర ఆగిపోయిన మీరు ఉన్నట్టుండి ప్రతి ఫంక్షన్‌కీ చక్కని ఇంగ్లీషులో కామెంట్లు రాసేస్తే సార్‌కి అనుమానమేం రాదు. గర్వపడతారు. చాట్‌జీపీటీ ఒక్కోసారి లోకంలో లేని లైబ్రరీ పేరు చెబుతుంది. వెనకాడకుండా ఇన్‌స్టాల్ కమాండ్ కొట్టండి. ఇలా పుట్టే ఉత్తుత్తి పేర్లు కనిపెట్టి ఆ పేర్లతోనే దొంగ ప్యాకేజీలు పెట్టే ఘనులు కూడా ఉన్నారు. పాపం వాళ్ళ కష్టం వృథా కానివ్వకండి. మిడ్ పరీక్షలో మాత్రం తెల్ల కాగితం, పెన్ను, మీరు. అప్పటికి ఏదో ఒకటి తోస్తుందిలెండి.

స్నేహితుడి కోడు కాపీ కొట్టేవాళ్ళకి పాతకాలపు చిట్కా ఒకటుంది: వేరియబుల్ పేర్లు మార్చడం. 'సమ్' ఉన్నచోట 'సుబ్బారావు' పెట్టడం, స్పేసులు జరపడం, కామెంట్లు చెరపడం. ఒక పూట పని. బర్కిలీలో అలెక్స్ ఐకెన్ 1994లో రాసిన మాస్ అనే టూల్ ఈ పేర్లూ స్పేసులూ ముందే పక్కన పడేసి, కోడు నిర్మాణంలోంచి వేలిముద్రలు తీసి పోల్చుతుంది. దానికి సుబ్బారావైనా ఒకటే, సమ్ అయినా ఒకటే. అయినా మీరు పేర్లు మారుస్తూనే ఉండండి. ఆ ఒక పూటలో ప్రోగ్రాం సొంతంగా రాసేయవచ్చన్న ఆలోచన వస్తే లేచి నడవండి, పోతుంది.

చివరి సంవత్సరం ప్రాజెక్టు దగ్గర తొందరపడి తప్పటడుగు వేసేవాళ్ళు ఎక్కువ. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

ప్రాజెక్టు ఇళ్ళ ధరల అంచనా మీద ఉండాలి. ఎక్కడి ఇళ్ళు? అమెరికాలో బోస్టన్ ఇళ్ళు. అందరూ చేసేది అదే. 506 వరుసల డేటా, 1978లో హారిసన్, రూబిన్‌ఫెల్డ్ అనే ఇద్దరు గాలి కాలుష్యానికీ ఇంటి ధరకీ లంకె చూపడానికి వాడింది. ఎప్పుడూ చూడని బోస్టన్‌లో, మీ నాన్నగారికి పెళ్ళి కాకముందు, ఇల్లు ఎంత పలికేదో ఓడలరేవులో కూర్చుని చెప్పగలగడం సామాన్యమా? యూట్యూబ్‌లో పాత వీడియో ఒకటి చూసి కోడు దించేయండి. నడపగానే ఎర్రగా ఒక పేజీడు వస్తుంది. సైకిట్ లెర్న్ వాళ్ళు ఆ డేటాని 1.2 వెర్షన్ నుంచి తీసేశారు. ఆ డేటాలో నల్లజాతివాళ్ళు ఎంతమంది ఉన్నారన్నదాన్ని బట్టి లెక్కగట్టిన నిలువు వరుస ఒకటుంది, ఇలాంటిదాన్ని పాఠంగా వాడటం తగదు, బదులుగా కాలిఫోర్నియా డేటా ఇలా తెచ్చుకోండి అని అక్కడే కోడుతో సహా రాసి ఉంటుంది. కంప్యూటర్ సైన్సులో ఒక నీతి పాఠం, ఒక చరిత్ర పాఠం, ఒక పరిష్కారం ఎర్రర్ మెసేజ్‌లోనే దొరికే సందర్భాలు అరుదు. చదవకండి. పాత వెర్షన్ దించుకోండి.

బోస్టన్ నచ్చకపోతే ఐరిస్ పూలు ఉన్నాయి. 1936లో ఫిషర్ వ్యాసంతో పేరుపడ్డ 150 పూలు, మూడు రకాలు, రకానికి యాభై. కడియం నర్సరీల్లో కంటికి ఆనినంత దూరం మొక్కలున్నాయి కదా, వాటి ఆకులకి పట్టిన తెగులు ఫొటోలు తీయొచ్చు కదా అని మేడమ్ అంటే, ఎండగా ఉందండీ అని చెప్పండి.

మరీ ప్రమాదకరమైనది ఊరి డేటా. అంబాజీపేట మార్కెట్లో కొబ్బరికాయ ధర రోజూ వెయ్యి కాయల లెక్కన చెబుతారు. దింపు ఎప్పుడు, పండగ ఎప్పుడు, తమిళనాడు కాయ ఎప్పుడు వచ్చి పడుతుంది, ధర ఎప్పుడు కూలుతుంది, ఇవన్నీ మీ ఇంట్లో భోజనాల దగ్గర వినబడే మాటలే. ఏడాది పాటు రోజుకొక వరుస రాసుకుంటే చాలు, ప్రపంచంలో ఇంకెవరి దగ్గరా అచ్చం అలాంటి ఫైలు ఉండదు. 2011 ఖరీఫ్‌లో గిట్టుబాటు కాక కోనసీమ రైతులు పంట విరామం ప్రకటించి చేలు బీడు పెట్టారు. ఆ పొలాల్లో ఎన్ని రొయ్యల చెరువులుగా మారాయో ఉపగ్రహ చిత్రాలు ఉచితంగా తీసుకుని లెక్కగట్టొచ్చు. చెరువు సంగతే చూడండి. నీళ్ళలో ఆక్సిజన్ తెల్లవారుజామున బాగా పడిపోతుంది. రాత్రంతా నాచు కూడా ఆక్సిజన్ పీల్చేస్తుంది, ఎండ వస్తే గానీ మళ్ళీ వదలదు. నాలుగింటికి గట్టు మీద టార్చిలైటు వేసి చూస్తే రొయ్యలు అంచులకి చేరి పైకి తేలుతుంటాయి. రైతు పరిగెత్తుకెళ్ళి ఏరేటర్లు తిప్పుతాడు. ఆ వేళకి కరెంటు లేకపోతే డీజిలింజను. ఒక సెన్సరు, చిన్న బోర్డు, ఫోనుకొక మెసేజి, ముప్ఫై లైన్ల కోడు ఉంటే ఆ మనిషి మెసేజి వచ్చేదాకా పడుకోగలడు.

ఇది చేశారో, అయిపోయారు. ఆ సెన్సరు ఉప్పునీళ్ళకి వారంలో పాడవుతుంది. ఎందుకు పాడైందో మీరే కనుక్కోవాలి. అంకెలు మధ్యలో మాయమవుతాయి, తప్పుడు అంకెలు వస్తాయి, వాటిని ఏం చేయాలో ఏ వీడియోలోనూ ఉండదు. అక్యురసీ 99 శాతం రాదు, 71 వస్తుంది, ఎందుకు 71 అని అడిగితే మీ దగ్గర జవాబు కూడా ఉంటుంది. చెరువు రైతు సాయంత్రం పూట ఫోన్ చేసి "బాబూ, మొన్నటి నుంచి మెసేజి రాట్లేదేంటి?" అంటాడు. బోస్టన్ నుంచి అలా ఎవరూ ఫోన్ చేయరు. ఓపిక అసలే లేనివాళ్ళకి హైదరాబాద్‌లో అమీర్‌పేట ఉంది. రిపోర్టు, పీపీటీ, కోడు మూడూ కలిపి ఇస్తారు, బైండింగ్ రంగు మాత్రం మనం చెప్పుకోవాలి.

రెజ్యూమె పెద్ద పనేం కాదు. దించుకున్న టూల్స్ పేర్లన్నీ నైపుణ్యాల కింద రాసేయండి. డాకర్, కుబర్నెటీస్ ఎలా పలకాలో మాత్రం ఒకసారి విని వెళ్ళండి. హ్యాకర్‌ర్యాంక్‌లో తేలిక లెక్కలతో సంపాదించిన నక్షత్రాలు పేరు పక్కనే పెట్టండి. ఆన్‌లైన్ టెస్టులో ట్యాబ్ మారిస్తే లెక్కపెడతారని భయపెడతారు. పక్కన కూర్చున్నవాడి ఫోనుకి ట్యాబులుండవు.

ఇక ప్రాజెక్టు వైవా. తెల్ల చొక్కా, ఐడీ కార్డు, నలుగురూ వరుసగా. మాట్లాడేవాడు ఒకడే ఉంటాడు కాబట్టి వాణ్ణి మధ్యలో నిలబెట్టండి, మిగతావాళ్ళు వాడు చెప్పినప్పుడల్లా తలూపాలి. ఎక్స్‌టర్నల్ "ఈ అల్గారిథమే ఎందుకు ఎంచుకున్నారు?" అంటే అక్యురసీ ఎక్కువండీ అనండి. "ఎంత?" అంటే 99. "ట్రైనింగ్ డేటా మీదా, టెస్ట్ డేటా మీదా?" అంటే రెండిటి మీదానండీ అనండి, ఎవరినీ చిన్నబుచ్చకూడదు. ఆయన కుర్చీలోంచి ముందుకు వంగి "ఏదీ, ఒకసారి రన్ చేసి చూపించండి" అన్నారంటే వైఫై రావడం లేదండీ అనాలి. ప్రాజెక్టుకి వైఫైతో పనేంటని ఆయన అడగొచ్చు. అప్పుడు చార్జింగ్ లేదనాలి. చార్జరు ఏదంటే, బీ సెక్షన్ టీం దగ్గరుంది తెస్తానండీ అని లేచి వెళ్ళాలి. బీ సెక్షన్ వాళ్ళతో మాత్రం ముందురోజే మాట్లాడి పెట్టుకోండి. వాళ్ళ ఎక్స్‌టర్నల్ రన్ చేయమన్నప్పుడు వాళ్ళు చార్జరు కోసం మీ గదికే బయల్దేరాలి.